వీరమ్మ తల్లి ఊళ్ళో సకురా

మాఘమాసంలో బెజవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని రండి. కంకిపాడు దాటాక చెరకు తోటలు పలకరిస్తే అదే మా ఉయ్యూరు. భీష్మ ఏకాదశి నుంచి 15 రోజులు వీరమ్మ తల్లి తిరునాళ్ళు. భర్త చింతయ్యతో సహగమనం చేసి దేవతైందని చెప్పుకుంటారు. ఆ కథ విన్న మా అమ్మాయి "ఆడపిల్లకి బతికుండగా శక్తి రాదా అమ్మా?" అంది. మీ అమ్మాయి అడిగితే ఏం చెబుతారు?

నేను మాత్రం 'కార్డ్‌క్యాప్టర్ సకురా' మొదటి పుస్తకం చేతికిచ్చాను. 'క్లాంప్' పేరుతో నలుగురు స్త్రీలు 1996 నుంచి 2000 దాకా సీరియల్‌గా నడిపిన జపాన్ బొమ్మల కథ ఇది. మొత్తం 12 పుస్తకాలు. నాలుగో తరగతి పిల్ల సకురా దండం పట్టుకుని, చెదిరిపోయిన మంత్రాల కార్డులన్నీ వెతికి తెస్తుంది. తల్లి లేని ఆ ఇంట్లో తండ్రి, అన్న, తను వంతులేసుకుని వంట చేస్తారు. నేస్తం తొమోయో రకరకాల గౌన్లు కుట్టిపెడుతుంది.

ఇంగ్లీషు అనువాదం కొంటే వెనక అట్ట వైపు నుంచి, కుడి నుంచి ఎడమకు చదవాలి సుమా! పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని రోజుకో అధ్యాయం చెప్పండి. సకురాకి దయ్యాలంటే హడలు. అయినా చీకట్లోకి వెళ్తుంది. మన పిల్లలకు నచ్చేది అదే!