పాపికొండలకు మూడో ముహూర్తం

మా మామ్మ ముందు ‘అట’ అన్న మాట చెల్లదు. “ఈ ఏడు దాళ్వాకి నీళ్ళిస్తారట” అని నాన్న అరుగు మీద కూర్చుని అన్నాడనుకోండి, “ఇస్తారటా? ఇచ్చారా?” అని లోపలి నుంచి అడుగుతుంది. “ఇంకా లేదమ్మా” అంటే, “సరే, నారుమడి దున్నుకో” అంటుంది. చిన్నప్పుడు ఇది నాకు ముసలివాళ్ళ చాదస్తంగా తోచేది. నీళ్ళు వస్తాయో రావో నమ్మకం లేనప్పుడు నారుమడి ఎందుకు? నారుమడి దున్నేంత నమ్మకం ఉంటే ఆ ఎదురు ప్రశ్న ఎందుకు? ఈ రెంటికీ పొత్తు ఎలా కుదురుతుందో తెలియడానికి నాకు ఒక లాంచీ ప్రయాణం కావలసివచ్చింది.

ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు కథలూ రావు, కవిత్వమూ రాదు అన్నాను. బి.ఎస్సీ. మూడో సంవత్సరం చదువుతున్న రైతు బిడ్డను. ప్రాక్టికల్ రికార్డు రాయడం తప్ప వేరే రచన ఎరగను. అందుచేత కరోనా రోజుల్లో మా ఇంటివాళ్ళం పాపికొండలు చూడ్డానికి వెళ్ళిన వైనాన్ని, జరిగింది జరిగినట్టుగా, రికార్డు రాసినట్టే రాస్తున్నాను.

మాది గోదావరి తూర్పు డెల్టాలో ఒక పల్లె. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. మామ్మ పుట్టిల్లు మాత్రం కొండల వైపు, దేవీపట్నం దాటాక ఏటి ఒడ్డునున్న చిన్న ఊరు. పదిహేనో ఏట పెళ్ళయి, ఆ ఊరి రేవులో లాంచీ ఎక్కి, రాజమండ్రిలో దిగి మా ఇంటికి కోడలుగా వచ్చింది. అన్నదమ్ములు ఒక్కరొక్కరే పోయాక రాకపోకలు తగ్గిపోయాయి. “ఒక్కసారి మా రేవు చూసి రావాలిరా అబ్బాయ్” అని నాన్నతో ఎన్నేళ్ళుగానో అంటూ ఉండేది. నాన్న “కోతలవనీ” అనేవాడు. కోతలయ్యాక అప్పులవాళ్ళు వచ్చేవారు.

చివరికి 2019లో, దసరాకి వెళ్దామని నాన్న గట్టిగా మాటిచ్చాడు. అది మొదటి ముహూర్తం. ఆ సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో 77 మందితో వెళుతున్న బోటు మునిగిపోయింది. 26 మందే బతికి బయటపడ్డారు. మునిగిన బోటును కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న గాని ఒడ్డుకు చేర్చలేకపోయింది. ఆ రోజుల్లో మా ఇంట్లో పాపికొండల మాట ఎవరూ ఎత్తలేదు. బోట్లు ఆగిపోయాయి. దసరా వచ్చింది, వెళ్ళింది.

బోట్లు మళ్ళీ తిరుగుతాయన్న కబురు కోసం చూస్తుండగానే 2020 వచ్చింది. ఆ ఫిబ్రవరిలో జపాన్ దేశంలోని యోకొహామా రేవులో ‘డైమండ్ ప్రిన్సెస్’ అనే విహార నౌకను నిలిపివేసిన వార్తను పేపర్లో చదివి మామ్మకు చెప్పాను. అందులో 3,711 మంది ఉన్నారు. సరదాగా సముద్రం మీద పక్షం రోజులు తిరిగి రావడానికి బయల్దేరినవాళ్ళు, ఇంటికి వెళ్ళే వేళకు ఎవరి గదిలో వాళ్ళు బందీలైపోయారు. కిటికీ లేని గదులవాళ్ళకు పగలో రాత్రో గడియారం చూస్తే గాని తెలియదు. తుది లెక్కకు 712 మందికి జబ్బు అంటింది. అంతా విని మామ్మ ఒకటే అడిగింది: “మరి వాళ్ళకి అన్నం ఎవరు పెడుతున్నార్రా?” ఓడ సిబ్బందే వండి, గది గదికీ తీసుకెళ్ళి పెట్టారనీ, వాళ్ళలో మన దేశంవాళ్ళే నూటముప్పై మందికి పైగా ఉన్నారనీ తర్వాత చదివాను. మామ్మ అడిగేదాకా ఆ సంగతి నాకు తోచనే లేదు.

మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆ ఏడు పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. పరీక్ష రాయకుండా పాసైన బ్యాచ్ మాది. ఈ పుస్తకం చదువుతున్న నా తోటివాళ్ళకు ఆ నవ్వూ ఆ సిగ్గూ రెండూ గుర్తుండే ఉంటాయి. ఇంటర్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసమని నాన్న అప్పు చేసి ఫోను కొన్నాడు. క్లాసులు అయ్యాక నేను అందులో పాపికొండల వీడియోలు వెదికి మామ్మకు చూపించేవాణ్ణి. పచ్చటి కొండలు, పేరంటాలపల్లి శివాలయం, అక్కడ కొండరెడ్లు అమ్మే వెదురు బొమ్మలు, లాంచీ మీద పాటలు. ఒక వీడియోలో మామ్మ తన ఊరి రేవును గుర్తుపట్టింది. మెట్లు, మెట్ల పైన చింతచెట్టు. “అదుగో, ఆ చెట్టు కిందే మా ఇల్లు!” అంది. ఆ రోజు నేను, “నిన్ను ఆ రేవులోనే దింపుతాను మామ్మా, చెట్టు కింద నిలబెట్టి ఫోటో తీస్తాను” అని మాటిచ్చేశాను. ఆ వీడియో ఏ ఏటిదో చూసుకోలేదు.

2021 జూన్ 11న పోలవరం దగ్గర గోదావరిని పాత దారి నుంచి స్పిల్‌వే వైపు మళ్ళించారు. ఎగువ కాఫర్ డ్యాం వెనుక నీరు నిలిచి, ఆ వర్షాకాలం దేవీపట్నం మండలంలో ఊళ్ళలోకి గోదావరి వచ్చేసింది. జనం ఊళ్ళు వదిలి పునరావాస కాలనీలకు చేరారు. ఈ వార్తలన్నీ నేను చదివాను. మామ్మకు మాత్రం చెప్పలేదు. ఆ వేసవిలోనే రెండో వేవ్‌లో తనకు జ్వరం వచ్చి, ఇరవై రోజులు మంచం పట్టి లేచింది. “నాకు ఒళ్ళు కుదురుకోగానే మా రేవుకి తీసుకెళ్ళరా చిన్నోడా” అన్న మనిషికి, నీ రేవు నీళ్ళలో ఉంది అని ఎలా చెప్పను? చెప్పకపోవడమే దయ అనుకున్నాను.

ఆ నవంబరులో బోట్లు మళ్ళీ మొదలయ్యాయి. డిసెంబరు 5, ఆదివారానికి నలుగురికీ కలిపి ఐదు వేలు కట్టాం. ఇది రెండో ముహూర్తం. సరిగ్గా అప్పుడే ‘జవాద్’ తుపాను హెచ్చరిక వచ్చింది. పనల మీదున్న చేను కుప్పలు వేసి, దొరికిన బరకాలన్నీ కప్పి, రాత్రంతా గట్టు మీదే కాపలా ఉన్నాం. తుపాను సముద్రంలోనే నీరసపడి ఒడిశా వైపు పోయింది. మాకు నాలుగు చినుకులు పడ్డాయి. తుపానూ రాలేదు, ప్రయాణమూ లేదు. డబ్బు తిరిగివ్వడం కుదరదు, వేరే తేదీ ఇస్తామన్నాడు టిక్కెట్లు కోసినతను. నేను ఫోనులో అతనితో పోట్లాడుతుంటే మామ్మ, “కుప్పలు తడవలేదు కదా, ఊరుకో” అంది.

మూడో ముహూర్తం 2022 జనవరి 9. పక్కింటి పిన్నిగారు “శూన్యమాసంలో ప్రయాణమేమిటి వదినా?” అంటే, “గోదారమ్మను చూడ్డానికి మంచిరోజేమిటి?” అని మామ్మ నవ్వేసింది. నాకు మాత్రం లోపల గుబులుగానే ఉంది. మూడో వేవ్ మొదలైంది. వారం ముందే ముంబయి నుంచి గోవా వెళ్ళిన ఒక విహార నౌకలో సుమారు రెండు వేల మందికి పరీక్ష చేస్తే 66 మందికి కరోనా ఉందని తేలి, కొత్త సంవత్సరం సంబరానికి వెళ్ళినవాళ్ళను ఓడ దిగనివ్వలేదని పేపర్లో చదివాను. మామ్మకు అది కూడా చెప్పలేదు.

తెల్లవారుజామున రాజమండ్రిలో వ్యాను ఎక్కి గండి పోచమ్మ దగ్గరకు చేరాం. ఏరంతా పొగమంచు. మంచు విడిస్తే గాని బోటు కదలదన్నారు. రెండు గంటలు ఒడ్డునే కూర్చున్నాం. మంచు పలచబడి ఎండ వచ్చాక ఒక కుర్రాడు జ్వరం చూసే యంత్రం పట్టుకుని వరసగా అందరి నుదుళ్ళకూ గురిపెట్టాడు. మామ్మ దగ్గర అది కూసింది. నూటొకటి చూపించింది. “మామ్మగారూ, మీరు కాస్త పక్కన కూర్చోండి” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి జరిగారు. నాన్న మొహం పాలిపోయింది. రెండేళ్ళలో మూడు ముహూర్తాలు పెట్టుకుని, లాంచీ కళ్ళెదుట పెట్టుకుని వెనక్కి పోవాలా?

అప్పుడు నాకు నా చదువు కొంచెం అక్కరకొచ్చింది. ఆ యంత్రం నుదుటి చర్మం నుంచి వచ్చే పరారుణ కిరణాలను కొలుస్తుంది. ఒంట్లోని జ్వరాన్ని నేరుగా కొలవదు. మామ్మ అరగంట నుంచి ఎండకు ఎదురుగా మొహం పెట్టి ఏటి వైపు చూస్తూ కూర్చుంది. ఈ మాట చెప్పి, నీడలో కూర్చోబెట్టి మళ్ళీ చూడండి అని బతిమాలాను. పావుగంటకు చూస్తే తొంభై ఏడు. ఆ పావుగంటా నేనూ నాన్నా నిలబడలేకపోయాం. మామ్మ మాత్రం చెంగు నుదుటి మీదకు లాక్కుని, “జ్వరమైతే ఎక్కకూడదు లెండి, పదిమంది ఉంటారు” అంది ఆ కుర్రాడితో. పుట్టినూరు చూడాలని అంత ఆశపడిన మనిషి అంత తేలిగ్గా ఆ మాట ఎలా అనగలిగిందో నాకు అంతుపట్టలేదు.

బోటు కదిలింది. లైఫ్ జాకెట్లు తొడిగారు, మాస్కులు తీయొద్దన్నారు, దూరదూరంగా కూర్చోమన్నారు. పాటల్లేవు, డాన్సుల్లేవు. దేవీపట్నం దాటుతున్నకొద్దీ నా గుండె దడ ఎక్కువైంది. ఎట్టకేలకు నాన్న వేలు పెట్టి చూపించాడు. మెట్లు లేవు. రేవు లేదు. బురద రంగు పట్టిన రెండు మొండిగోడలు, నీళ్ళలో నిలబడి ఎండిపోయిన చింతచెట్టు తల. అంతే.

“మామ్మా, నాకు ముందే తెలుసు. నీకు చెప్పలేదు” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

“నాకూ తెలుసురా” అంది. “ఊరు ఖాళీ చేసిన రోజే మా మేనల్లుడు ఫోను చేశాడు. నువ్వు ఫోటో తీస్తానని అంత సంబరపడుతుంటే నీకెందుకు చెప్పడమని ఊరుకున్నా.”

తర్వాత ఒళ్ళోని చేతిసంచి విప్పింది. పసుపు, కుంకుమ, ఒక రవికెలగుడ్డ, రెండు అరటిపళ్ళు. ఇంటి దగ్గరే కట్టుకుని తెచ్చుకుంది. చింతచెట్టు ఎదురుగా వచ్చేసరికి వాటిని చాటంత ఆకులో పెట్టి నీళ్ళలో వదిలింది. చెయ్యి ముంచి నెత్తిన చల్లుకుంది. సరంగు ఎవరూ అడగకుండానే ఇంజను జోరు తగ్గించాడు. అతనికి ఇలాంటి ప్రయాణికులు కొత్త కాదనుకుంటాను.

నేను చూపిస్తానన్న రేవును చూడ్డానికి మామ్మ రాలేదు. లేని రేవుకు ఇవ్వవలసింది ఇచ్చి పోవడానికి వచ్చింది. ఆ సంగతి తెలియనిది నా ఒక్కడికే.

ఆ పైన బోటు పాపికొండల నడుమకు వెళ్ళింది. నది పాపిడి తీసినట్టు సన్నబడి, రెండు వైపులా కొండలు మీదకు వంగినట్టు అనిపించే చోట సరంగు వెనక్కి తిప్పుతామన్నాడు. పొద్దున ఆలస్యమైంది, చీకటిపడే లోపు ఒడ్డు చేరాలి, పేరంటాలపల్లి లేదన్నాడు. ఒక పెద్దమనిషి లేచి, “డబ్బంతా తీసుకుని సగం చూపిస్తారా?” అని గొడవపెట్టాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. ఆలస్యమైతే గుడి దాకా వెళ్ళమని టిక్కెట్టు కోసిన రోజే చెప్పి ఉంటే ఆయన రావాలో మానాలో తేల్చుకుని ఉండేవాడు. కాని కచ్చులూరు దగ్గర ఆ నీళ్ళను చూసి వచ్చిన నాకు, చీకటి పడకముందే వెనక్కి తిప్పే సరంగు మీద కోపం రాలేదు.

మా ల్యాబులో ఒక నియమం ఉంది. కొలత రాసి, పక్కన అందులో ఎంత దోషం ఉండవచ్చునో రాయకపోతే మాస్టారు రికార్డు వెనక్కి విసిరేస్తారు. ఆశ చెప్పేటప్పుడు కూడా పక్కన దోషం చెప్పాలని నాకెవరూ నేర్పలేదు. ఎదుటివాళ్ళ మనసు నొప్పించకూడదని వాళ్ళ ఆశను పెంచుతూ పోవడం దయ కాదు. ఏది ఖాయం, ఏది అనుమానం, ఏది ఇక లేదు అన్న మూడూ విడదీసి చెప్పి, ఆ పైన బయల్దేరడమో మానడమో వాళ్ళకే వదలాలి. రోగాలూ తుపానులూ కమ్ముకున్న కాలంలో ప్రయాణం కట్టేవాళ్ళకు ఇది మరీ అవసరం. ఏ ఒక్కటి దొరికితే వచ్చినందుకు చాలు అనుకుంటాం? ఎంత పోయినా తట్టుకోగలం? దారిలో ఆగిపోతే మనకు అన్నం పెట్టేదెవరు? మామ్మ ఈ లెక్కలన్నీ వేసుకునే సంచి కట్టుకుంది. అందుకే నుదుటి మీద నూటొకటి వచ్చినా చలించలేదు.

మిత్రులారా, ఈ ఏటితో మన చదువు ముగుస్తోంది. హాస్టల్లో ఏ గదికి వెళ్ళినా ‘అట’ల మీదే కాలం నడుస్తోంది. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు, “ఉద్యోగాల నోటిఫికేషన్ వస్తుందట మామ్మా” అన్నాను.

“వస్తుందటా? వచ్చిందా?” అంది.

“ఇంకా లేదు.”

“సరే” అంది, చేటలోని బియ్యంలో రాళ్ళు ఏరుతూ. “నారుమడి దున్నుకో.”