అరకిలో మాంసం – అయిదు కంచాలు

అరకిలో వేటమాంసం అయిదుగురికి ఎలా సరిపోతుందని మిత్రులు ఆశ్చర్యపోతారు. నేను లెక్కల మాస్టర్ని కాను, కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ లెక్క తెలుసు.

ఎముకలేని ముక్కకు ధర ఎక్కువ. మెడముక్కలు, ప్రక్కటెముకలు అడిగి తెస్తాను. వాటి సారమంతా పులుసులోకి దిగుతుంది. ముదురుమాంసమైతే పచ్చిబొప్పాయి ముద్ద పట్టిస్తే సరి. అందులోని పపెయిన్ ముక్కను మెత్తపరుస్తుంది, గ్యాసూ కలిసివస్తుంది. గోంగూరో, దోసకాయో, శనగపప్పో చేరిస్తే గిన్నె నిండుతుంది.

అసలు లెక్క వడ్డనలో ఉంది. మా అమ్మ అందరికీ వడ్డించి, చివరకు ఉత్త పులుసుతో సరిపెట్టుకునేది. అప్పుడు మిగిలింది డబ్బు కాదు, ఆవిడ వంతు. అందుకే మా ఇంట్లో అయిదు కంచాలూ ఒక్కసారే పెడతాం. మా ఆవిడ కంచంలో ముక్కలు పడ్డాకే నాకు. దాన్ని పొదుపంటే ఒప్పుకుంటాను.