కుండా, చేటా, విల్లూ

విజయవాడ దాపున ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, కుంట మీదుగా ఉత్తరానికి సాగే 30వ నెంబరు జాతీయ రహదారి బస్తరు అడవుల గుండా జగదల్‌పూర్ చేరుతుంది. అదే దారిన మరో 75 కిలోమీటర్లు వెళితే కొండగావ్. లోహపు బొమ్మలు పోతపోసే ఘడవా శిల్పుల ఊరుగా దానికి దేశదేశాల్లో పేరుంది. బొమ్మల కోసం వచ్చిన యాత్రికుడు ఆ ఊరి మరొక సంపదను చూడకుండానే తిరిగిపోవచ్చు. అందుకు అతణ్ణి తప్పుపట్టనవసరం లేదు. ఆ సంపద వారపు సంతలో విడివిడి భాగాలుగా ఉంటుంది: కుమ్మరి ముందు కుండ, మేదరి ముందు చేట. ఇవి ఒక వాద్యానికి అంగాలని ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

ఆ వాద్యం పేరు ధనకుల్. ధను అంటే విల్లు. పొరుగునున్న ఒడియాలో కులా అంటే చేట. నేలమీద గడ్డితో చుట్టిన కుదురు, దానిపై కుండ, కుండ మూతిపై బోర్లించిన చేట, చేటపై ఒక కొస ఆనేలా సుమారు రెండు మీటర్ల విల్లు. విల్లు బద్దమీద ఒకచోట జానెడు మేర గాట్లు ఉంటాయి. వాయించే స్త్రీ కుడిచేతి వెదురుపుల్లతో ఆ గాట్లను గీరుతుంది. ఎడమచేతితో అల్లెతాడును మెల్లగా లాగి విడుస్తుంది. గీరినప్పుడు ఛర్ ఛర్. తాడు లాగినప్పుడు, కుండ లోతుల్లోంచి, ఘుమ్ ఘుమ్.

ఈ ఘుమ్ అనే మంద్రనాదం కోసమే లోకంలో మరొకచోట మరోరకం సామగ్రిని వెదుకుతారు. 1951లో అమెరికాలో ఫెండర్ సంస్థ ఎలక్ట్రిక్ బాస్ గిటారును బజారుకు తెచ్చింది. దాని శబ్దగ్రాహకాన్ని, అంటే పికప్‌ను, సొంతంగా తయారుచేసుకునే ఔత్సాహికులు నేటికీ ఉన్నారు. వారికి కావలసినవి అయస్కాంతాలు, తలవెంట్రుక మందపు ఎనామెల్ రాగితీగ, దాన్ని కొన్ని వేల చుట్లు చుట్టడానికి ఓపిక. ఉక్కుతంత్రి కంపిస్తే అయస్కాంత క్షేత్రం చలిస్తుంది, తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. కాని ధనకుల్ తాడు ఉక్కుది కాదు. అంత శ్రమపడి చుట్టిన పికప్‌ను దాని కింద పెడితే ఒక్క ముక్కయినా పలకదు. ఇక్కడ ఆ పనిని చేట చేస్తుంది. తాడు కదలికను అందుకొని కుండలోని గాలికి అప్పగిస్తుంది. కరెంటుతో పనిలేదు.

చేటనే ఎందుకు ఎన్నుకున్నారో! ధనకుల్ వాయించేది జాగరాలలో. వాటిలో ప్రసిద్ధమైన లఛ్మీ జాగరం ధాన్యలక్ష్మి కథ. రోజుల తరబడి సాగే ఆ గానంలో లక్ష్మి పుడుతుంది, పెరుగుతుంది, నారాయణుణ్ణి పెండ్లాడుతుంది. వడ్లు చెరిగే చేటమీదుగానే వడ్ల తల్లి కథ వినిపించడం ఎంత ఉచితంగా ఉంది! పాడేవారిని గురుమాయిలంటారు. భాష హల్బీ. పుస్తకం ఎదుట ఉండదు, కథంతా కంఠస్థమే.

కుండ పగిలితే మరో కుండ దొరుకుతుంది. కథ మరచిపోతే దొరికే అంగడి లేదు. కొండగావ్ వాస్తవ్యుడైన రచయిత హరిహర్ వైష్ణవ్‌ను జీవితాంతం వెంటాడిన దిగులు ఇదే అనిపిస్తుంది. ఆయన జాగరాలను రికార్డు చేసి, విని, అక్షరం అక్షరం రాసి పెట్టారు. గురుమాయి సుక్‌దయీ పాడిన లఛ్మీ జాగరాన్ని మానవశాస్త్రజ్ఞుడు క్రిస్ గ్రెగరీతో కలిసి 2003లో గ్రంథంగా వెలువరించారు. 2021లో వైష్ణవ్ కన్నుమూశారు.

గ్రంథం మాటలను కాపాడింది. తాడును ఎంత లాగాలో, ఏ మాట దగ్గర పుల్ల ఆగాలో తెలియాలంటే మాత్రం పక్కన కూర్చోవలసిందే. ఆచారం అందుకు చోటు ఉంచింది. జాగరంలో రెండు కుండలు, రెండు విల్లులు. ముఖ్య గాయని పాట్ గురుమాయి. ఆమె పక్కనే, రెండో కుండ ముందు, చేలీ గురుమాయి, అంటే శిష్యురాలు. పెద్దామె చరణం అందిస్తుంది. చిన్నామె అందుకుంటుంది. రెండు కుండలూ ఒక్కసారిగా ఘుమ్మంటాయి.