ఆయిర్‌స్టెడ్ ఉన్న రోజులు

ల్యాబ్ బీరువాలో ఓ చెక్కపెట్టె. అందులో రెండు దండాయస్కాంతాలు, ఒకదాని ఉత్తరం పక్కన రెండోదాని దక్షిణం వచ్చేలా. రెండు కొసల్లోనూ అడ్డంగా మెత్తని ఇనప బిళ్ళలు. బిళ్ళలు పెట్టకుండా మూత వేస్తే అటెండరు ఊరుకునేవాడు కాదు. "బలం పోద్ది బాబూ" అనేవాడు. ఆయన మాట అక్షరాలా నిజం.

అప్పట్లో ఇంటర్ ప్రాక్టికల్స్ అంటే డిఫ్లెక్షన్ మాగ్నెటోమీటరు. దాని చేతుల్ని తూర్పు పడమరలకు సరిచేసి, చేతి గడియారాలు విప్పి దూరంగా పెట్టేవాళ్ళం. కింద అద్దంలోని ప్రతిబింబం ముల్లు వెనక దాక్కునేదాకా ఒంటికన్నుతో వంగి చూడాలి. అయస్కాంతాన్ని తిప్పి, బోర్లించి, అవతలి చేతి మీదికి మార్చి, ఒక్క దూరానికే ఎనిమిది రీడింగులు. చివర్లో 0.38 ఆయిర్‌స్టెడ్ వేసి భ్రామకం కట్టేవాళ్ళం. భూక్షేత్రంలో నేలకు సమాంతరంగా ఉండే భాగం అది. మాకది ఇంటి నంబరంత కంఠస్థం. జవాబు పక్కన మాత్రం "సి.జి.ఎస్. యూనిట్లు" అని రాసి ఊరుకునేవాళ్ళం.

గాస్ అన్నా ఆయిర్‌స్టెడ్ అన్నా మాకు ఒకటే. గాలిలో రెండింటి అంకె ఒకటే కదా! మా మాస్టారొక రోజు ఇనప మేకు పైకెత్తి చూపించి, "దీని లోపలికి వెళ్ళాక చెప్పండి" అన్నారు. బయటి నుంచి మనం పెట్టే క్షేత్రం ఆయిర్‌స్టెడ్లలో. దానికి ఇనుము తన వంతు కలిపాక లోపల నిలిచేది గాస్‌లలో. మెత్తని ఇనుములో ఒక్క ఆయిర్‌స్టెడ్‌కే వేల గాస్‌లు పుట్టొచ్చు. 1930కి ముందు రెండింటినీ గాస్ అనే పిలిచేవారు. ఆ ఏడు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ రెండు పేర్లూ విడదీసింది.

1960లో టెస్లా వచ్చింది, పదివేల గాస్‌ల పెట్టు. మా 0.38 ఒక లెక్కన 38 మైక్రోటెస్లాలు, ఇంకో లెక్కన మీటరుకు సుమారు 30 ఆంపియర్లు అయింది. కొత్త పద్ధతే మేలని నా నమ్మకం. గాలిలో కూడా ఆ రెండూ వేరని అంకెలే చెబుతాయి. మాలాగా పిల్లలు పొరబడరు. అయినా 0.38 అన్నప్పుడు నా చేతికి తగిలే ఆ చల్లని ఇనుము, 38 మైక్రోటెస్లాలంటే తగలదు.

చిన్న నియోడిమియం అయస్కాంతం ఎప్పుడైనా కొంటే పొట్లం మీద చూడండి. ఎన్ 52 అని ఉంటే, ఆ 52 మెగాగాస్ ఆయిర్‌స్టెడ్ల లెక్క.