ఇసుక దారిలో తోడు

చిల్లకూరు తెల్ల ఇసుకలో సైకిల్ తొక్కినవాళ్లకి తెలుసు, ముందు చక్రం ఎలా కూరుకుపోతుందో. "టైర్లో గాలి కాస్త తియ్యమ్మాయ్. బరువు వెనక్కెయ్, తొక్కడం మాత్రం ఆపొద్దు" అని ఓ అక్క పక్కనే వస్తూ చెబితే ఎంత ధైర్యమో! ఇలాంటి కష్టమైన దారుల్లో తొక్కే మౌంటెన్ బైక్ రేసు 1996లో ఒలింపిక్స్‌కి వచ్చినప్పుడు మగవాళ్లతో పాటే ఆడవాళ్లకీ పోటీ పెట్టారు. అంతకు ముందే, 1990ల మొదట్లో, పక్కనున్న తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లె ఆడవాళ్లు వేలమంది సైకిల్ నేర్చుకున్నారు. సారా మీద తిరగబడ్డ మన దూబగుంట ఆడవాళ్లదీ ఆ కాలమే.

అమెచ్యూర్ రేసుల్లో నాకు బాగా నచ్చేది, పంక్చరైన అమ్మాయికి ఇంకో అమ్మాయి తన ట్యూబ్ ఇచ్చి మళ్లీ ఆమెతోనే పోటీపడటం. మన బడిపిల్లలకి ఈ ఇసుక దారుల్లోనే ఓ రేసు పెడదాం. పంపూ ట్యూబులూ నేను తెస్తా. ఎవరెవరు వస్తారు?