తోకతో గుర్తింపవలసిన పాము

ఎండుటాకుల అడుగున, రాళ్ల కింద, వదులు మట్టిలో దాగి జీవించే ఒక చిన్న పామును గురించి మీకు చెప్పదలచాను. దీనిని పగడపు పాము అంటారు. శాస్త్రనామం కాలియోఫిస్ మెలాన్యూరస్. మన తెలుగు నేలపైనా ఉన్నది. రాత్రివేళ సంచరించేది కావున కంటబడుట అరుదు. పెన్సిలు కంటె సన్నం. పొడవు సాధారణంగా 35 సెంటీమీటర్లు మించదు. అయినను ఇది నాగుపాము, కట్లపాముల కుటుంబానికి చెందిన విషసర్పమే!

ఆనవాళ్లు చెబుతాను. ఒళ్లు లేత గోధుమరంగు, దానిపై సన్నని నల్లచుక్కల వరుసలు. తల, మెడ నలుపు. పొట్టి తోకపై రెండు నల్లని పట్టీలు: ఒకటి మొదట, మరొకటి కొనకు దగ్గరగా. బెదిరినప్పుడు తోకను మెలిపెట్టి పైకెత్తి, అడుగునున్న నీలిరంగును ప్రదర్శిస్తుంది. శత్రువు దృష్టి తలమీదినుండి తోకమీదికి మళ్లుటకే ఈ ఉపాయమని తోస్తుంది.

తలపై నలుపును మాత్రమే చూచి తీర్మానింపరాదు. నల్లతల గల మరొక సన్నని పాము కూడ మన ప్రాంతాలలో ఉన్నది, దానికి విషం లేదు. దాని తోక మిక్కిలి పొడవు, దానిపై పట్టీలుండవు. ఇక వానపామును పోలిన గుడ్డిపాములు సరేసరి. అవి నిరపాయకరములు, పైగా పగడపు పాముకు ఆహారం.

దీని నోరు చిన్నది, స్వభావం పిరికిది. కాటు మిక్కిలి అరుదు. కాని పిల్లలు వానపాము అనుకొని చేతపట్టవచ్చును, నా భయమదే. మన దేశంలో దొరికే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే 4 జాతుల విషాలకై తయారైనది. పగడపు పాము ఆ జాబితాలో లేదు. కాటు పడినచో రోగిని ఆసుపత్రిలో ఉంచి, కనురెప్పలు వాలుట, మింగుట, శ్వాస కనిపెట్టి చూడవలసినదే. "చిన్నపాము కదా, దాని విషమెంత" అంటూ గంటలు గడిపి వచ్చినవారిని నా వృత్తిజీవితంలో చాలామందిని చూశాను.

గాయాన్ని కోయకండి, కట్టు బిగించకండి, నోటితో పీల్చకండి. కరచిన అవయవాన్ని కదలనీయక వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. దూరంనుండి సెల్‌ఫోనులో ఫోటో తీయగలిగితే తోక కనబడునట్లు తీయండి. అందుకోసం దానిని సమీపించవద్దు, ప్రయాణం ఆపవద్దు.