ముట్టుకాడులో లక్కపూత గాజులు

నగల దుకాణం అనగానే మా వంటి గుమాస్తా కుటుంబాలవారికి గుండె కొంచెం దడదడలాడుతుంది. అందుచేత సంక్రాంతి సెలవులలో మా ఇంటావిడ "గాజులు చూసి వద్దాం రండి" అన్నప్పుడు మేము అడిగిన మొదటి ప్రశ్న "బంగారమా?" అని. "కాదు, కర్రవి" అన్నది ఆవిడ. అప్పుడు ధైర్యంగా బయలుదేరాము.

వెళ్ళినది ముట్టుకాడు దగ్గరి దక్షిణచిత్రకు. చెన్నపట్నానికి దక్షిణంగా సుమారు 25 కిలోమీటర్లు. తిరువాన్మియూరు దాకా ఒక బస్సు, అక్కడినుంచి మహాబలిపురం వైపు పోయే బస్సు. 1984లో ఏర్పడిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ వారు, డెబొరా త్యాగరాజన్ గారి పూనికతో, 1996 డిసెంబరులో దీనిని తెరిచారు. పదెకరాల జాగాలో తమిళ, మలయాళ, కన్నడ, తెలుగు దేశాల పాతకాలపు ఇళ్ళు నిలబెట్టారు. అద్దాల బీరువాలముందు చేతులు కట్టుకుని నిలబడే మ్యూజియం కాదిది. ఇంట్లోకి నడిచి వెళ్ళవచ్చు, అరుగుమీద చతికిలబడవచ్చు. మన వాటాలో నల్గొండ ఇకత్ నేతగాని ఇల్లు ఒకటి, విశాఖ తీరపు చుట్టిల్లు ఒకటి వున్నవి. చుట్టిల్లంటే గుండ్రని గోడ, దాదాపు నేలదాకా దిగిన కప్పు. తుపాను గాలికి పట్టు చిక్కకుండా మన పెద్దలు కనిపెట్టిన ఉపాయం.

పండుగ రోజులు గనుక చెట్ల కింద వరుసగా కొట్లు వెలిశాయి. కాల్చిన మట్టితో చేసిన జుమికీలు, తాటాకు బుట్టలు, నాగర్‌కోయిల్ పక్కనున్న వడశేరి పనివారి గుడినగలు. దేవతామూర్తులకూ, నాట్యమాడే పిల్లలకూ అలంకరించే ఎర్రరాళ్ళ నగలవి. వాటిలో ఒక పాపిటబిళ్ళ ధర విని మా అమ్మాయి దానిని ఎంతో మర్యాదగా తీసినచోటనే పెట్టివేసినది.

ఆ తరువాతి కొట్టులో మా కాళ్ళు ఆగిపోయాయి. నున్నగా మెరిసే కర్రగాజులు. పసుపు, నారింజ, నీలం, ఎరుపు. పక్కనే పూసల దండలు, చెవులకు బుట్టలు, వాటి వెనుక చిన్న చిన్న పొయ్యి, గిన్నె, తిరగలి. "లక్కపిడతలు!" అని మా ఇంటావిడ చిన్నపిల్లలాగా అరిచినంత పని చేసినది. తణుకులో తాను ఆడుకున్నవి సరిగ్గా ఇలాగే వుండేవట.

కొట్టులో మొగుడూ పెళ్ళాలిద్దరున్నారు. మేము అలవాటు ప్రకారం అరవంలో బేరం మొదలుపెట్టాము. ఇరవై ఏళ్ళుగా ఈ పట్నంలో కూరగాయలకూ ఆటోలకూ ఆ భాషే గదా! జత గాజులు 250 రూపాయలన్నాడు అతడు, తడబడే అరవంలో. మేము 120 అన్నాము. అతడు 220 అన్నాడు. మేము రెండడుగులు వెనక్కు వేశాము. ఇది మాకు బాగా తెలిసిన విద్య. రెండడుగులకు యాభై రూపాయలైనా తగ్గుతుంది.

అప్పుడు ఆమె తలవంచుకుని భర్తతో మెల్లిగా అన్నది: "ఆ రేటుకిచ్చేస్తే లక్క డబ్బులైనా రావు. మరేటి సేస్తాం, ఇచ్చీ. పొద్దున్నించీ బోణీ లేదు."

తెలుగు! అదీ విశాఖ వైపు తెలుగు. మాకు తెలియదనుకుని వారు తమలో తాము చెప్పుకున్న మాట మా చెవిన సూటిగా పడినది. మేము ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. వేసిన రెండడుగులూ ముందుకు వేయటం ఎంత కష్టమో అప్పుడు తెలిసినది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నది మా ఇంటావిడ. ఆమె ఉలిక్కిపడి, "మీరు తెలుగోరా అమ్మా! ఏటికొప్పాక" అన్నది. ఆమెకూ సిగ్గే, మాకూ సిగ్గే. మా సిగ్గుకు మాత్రం కారణమున్నది.

ఏటికొప్పాక వరాహనది ఒడ్డున వున్న ఊరు, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోది. కొండపల్లి బొమ్మకు పొణికి కర్ర ఎలాగో, ఈ పనికి అంకుడు కర్ర అలాగు. మెత్తని తెల్లని కర్ర. దానిని బాగా ఆరబెట్టాలి. చూడవచ్చినవారి కోసం అతడు చేతితో తిప్పే చిన్న లేతు తెచ్చుకున్నాడు. భార్య తాడు లాగుతుంటే కర్ర గిర్రున తిరిగినది. ఉలితో గాజు రూపు తీసి, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించాడు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకున్నది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలాగా మెరుపు. పసుపు రంగుకు పసుపుకొమ్ము, నారింజకు జాఫ్రా గింజ, నీలానికి నీలిమందు. రసాయన రంగులను విడిచి మళ్ళీ ఈ దారి పట్టించినవారిలో ఆ ఊరి సి. వి. రాజుగారు ముఖ్యులు. వారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లోనే వచ్చినది.

"గుర్తింపు వొచ్చింది బాబూ, కర్రే దొరకటం లేదు" అన్నాడు అతడు. లక్క ధర పెరిగినది. పిల్లవాడు ఈ పని నేర్చుకోనన్నాడట. తప్పని మేమెట్లా అంటాము? మా నాన్నగారు మగ్గం వదిలే గదా మమ్మల్ని మెట్రిక్యులేషన్ చదివించారు!

ఇంతలో ఒక వింత జరిగినది. ఇంట్లో తెలుగులో పిలిస్తే అరవంలో బదులు చెప్పే మా అమ్మాయి లేతు పక్కన గొంతుకు కూర్చుని, "ఇది నేను లాగవచ్చా అత్తా?" అని తెలుగులో అడిగినది. "లాగు తల్లీ" అని ఆమె తాడు చేతికిచ్చినది. నాలుగు లాగులకు పిల్ల అరచేయి ఎర్రబడినది. "రోజుకెన్ని సార్లు లాగుతారు?" అన్నది. ఆమె నవ్వి ఊరుకున్నది.

రెండు జతలు 500 ఇచ్చి తీసుకున్నాము. అతడు 60 రూపాయలు తిరిగి ఇవ్వబోయాడు, మేము వద్దన్నాము. చివరకు ఒక చిన్న లక్క బొంగరం మా అమ్మాయి చేతిలో పెట్టి తన మాట నెగ్గించుకున్నాడు. ఇదంతా దానధర్మమనుకునేరు, కాదు. సరుకుకు సరిపడా ధర, అంతే. తిరుగు ప్రయాణంలో హోటలు భోజనం మాత్రం రద్దయినది. ఇంటికి వచ్చి చారన్నం తిన్నాము.

మన సంఘ సభ్యులు కూడా ఒకసారి వెళ్ళి చూడవలసినదని మా మనవి. మంగళవారం సెలవు, ఆనాడు వెళ్ళకండి. ఏ కొట్టుముందు నిలబడినా ముందు "ఏ ఊరమ్మా మీది?" అని తెలుగులో ఒక మాట అడిగి చూడండి. ఆ తరువాత కూడా బేరమాడ బుద్ధి పుడితే ఆడవచ్చును.